ఇంటి అభిరుచి ఎక్కడిది?

గత సంవత్సరం హైదరాబాదులో మా అబ్బాయి కొన్న అపార్టుమెంటుకు లోపలి అలంకరణ జరుగుతున్న రోజులవి. ఆ పని చూసే అమ్మాయి చేతిలోని ట్యాబు తెరిచి, "అంకుల్, మీ స్టైల్ ఏమిటి? మోడర్నా, ట్రెడిషనలా?" అని అడిగింది. ముప్పై అయిదేళ్లపాటు పిల్లలను ప్రశ్నలడిగిన నాకు ఈ ప్రశ్నకు జవాబు తోచలేదు. తప్పించుకోవడానికి "సంప్రదాయమేనమ్మా" అన్నాను. అప్పుడామె చూపించిన బొమ్మల్లో కేరళ ఉరుళి ఉంది, చెట్టినాడు స్తంభాలున్నాయి, రాజస్థాన్ గవాక్షాలున్నాయి. అన్నీ అందమైనవే. వాటిలో మా ఇల్లు మాత్రం లేదు. మరి మా ఇల్లంటే ఏది? ఆ ఆలోచనే నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

గోదావరి ప్రాంతంలో మాది మండువా లోగిలి. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, నడుమ ఆకాశానికి తెరిచి ఉండే ఇల్లు. వెలుతురూ గాలీ వానా ఆ నడిమి భాగంలోనే దిగేవి. వీధి అరుగు బాటసారికి, వసారా ఇరుగుపొరుగుకు, మండువా ఇంటివారికి, పడమటిల్లు ఆడవారికి. మనిషి పరిచయాన్ని బట్టి ఇంటిలోనికి ఎంతవరకు రావచ్చో ఇల్లే చెప్పేది. ఆ ఏర్పాటులో ఆదరంతోపాటు కులభేదమూ ఉండేదన్న నిజాన్ని దాచడం ధర్మం కాదు. కొందరికి అరుగు కూడా అందేది కాదు.

లోపల అలంకారమని చెప్పదగినవి బహు తక్కువ. గోడకు సున్నం, గడపకు పసుపు, అలికిన నేల మీద ముగ్గు, దీపానికి గూడు. బట్టలకు దండెం, పాలూ పెరుగుకు ఉట్టి, పాత్రలకు అటక, విలువైన వాటికి భోషాణం. ఏ ఒక్కటీ చూపుకోసం పెట్టింది కాదు. ఇలాంటి గృహోపకరణాల పేర్లు మన కావ్యాలలో ఎన్నో దొరుకుతాయి. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' వంటి గ్రంథాల నుండి సురవరం ప్రతాపరెడ్డిగారు వాటిని ఏరి, 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మనకు అందించారు.

అయితే చూపుకోసం అలంకరించిన ఇళ్లు తెలుగునాట లేకపోలేదు. 'క్రీడాభిరామం'లో కాకతీయుల ఓరుగల్లు సంచారం సాగుతుండగా, మాచల్దేవి అనే వేశ్య చిత్రశాల వర్ణన వస్తుంది. గోడల మీద పురాణగాథల చిత్తరువులు. అది పదిమందీ వచ్చి చూడవలసిన చోటు. అందుకు తగిన అలంకారం. గృహస్థు ఇంటి అవసరం వేరు. రెండింటికీ కారణం ఆ ఇంట జరిగే పనే కాని, ఒకరికి అభిరుచి ఉండి మరొకరికి లేకపోవడం కాదు.

ఇక "అచ్చమైన సంప్రదాయం" అనే మాటను కొంచెం పరీక్షించాలి. మేము మనదని మురిసిపోయిన మండువా స్తంభాలు బర్మా టేకువి. ఆ కర్ర సముద్రం మీద వచ్చింది. అదే సముద్రం మీద మన తీరం నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూను వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వారిని కోరంగీలన్నారు. కప్పు మీది పెంకు, మా వైపు బెంగుళూరు పెంకు అని పిలిచేది, నిజానికి మంగుళూరుది. 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ కార్మాగారం పెట్టి దానిని చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు మన కప్పులకు కుమ్మరి చేసిన పెంకో, తాటాకో ఉండేది. దేవుడి గదిలోని లక్ష్మీ సరస్వతుల పటాలు రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం చలువ. జర్మనీ యంత్రాలపై అచ్చయిన ఆ పటాలకు మా నాయనమ్మ రోజూ బొట్టు పెట్టేది. ఆమె దృష్టిలో అవి అనాదివి!

మన వస్తువులు పరాయి ఇళ్లకు వెళ్లిన కథ ఇంకా చిత్రమైనది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వర్తకానికి దిగారు. చిరువేరు ఎరుపుతో, నీలిమందుతో అద్దిన మన కోస్తా బట్టలు ఐరోపాలో మంచాల మీదికీ గోడల మీదికీ ఎక్కాయి. 1663లో లండనులో శామ్యూల్ పీప్స్ తన భార్య చదువుకునే గది గోడలకు కట్టించడానికి భారతదేశపు అద్దకపు బట్ట కొన్నట్లు దినచర్యలో రాసుకున్నాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1643లో, ఇంగ్లీషు కంపెనీవారు తమ సూరత్ కొఠీకి ఒక కోరిక పంపారు. ఎర్రని నేల మీది బట్టలు అక్కడ అంతగా నచ్చడం లేదట; తెల్లని నేల ఎక్కువగా ఉండాలట! కొనేవాని ఇంటిని బట్టి అద్దేవాని రంగు మారింది. ఆ మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ల బతుకు చెడుతుందని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మళ్లీ 1721లోను ఈ బట్టలపై నిషేధాలు పెట్టవలసి వచ్చింది.

ఈ చరిత్రను తరచి చూస్తే నాకొక సంగతి బోధపడింది. వస్తువు పుట్టిన ఊరు దానిని మనది చేయదు. ఇంట్లో దానికొక పని దొరికిననాడు అది మనదవుతుంది. బర్మా కర్ర కప్పును మోసింది, మంగుళూరు పెంకు వానను ఆపింది, రవివర్మ పటం పూజలందుకుంది. అందుచేత అవి మావయ్యాయి.

ఈ పాఠం నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఊళ్లో ఇల్లు శిథిలమై, నిలబెట్టే శక్తి లేక, విప్పించవలసి వచ్చింది. పాత కలప కొనేవారు వచ్చి మండువా స్తంభాలకు మంచి ధర చెప్పారు. అమ్మేశాను. అబద్ధమెందుకు, ఆ సొమ్ము అవసరమూ ఉంది. ఆరు నెలల తరువాత ఒక భోజనశాల వాకిట అలాంటి స్తంభాలే రెండు కనిపించాయి. మావో కావో చెప్పలేను. మెరుగు పెట్టి, దీపాలు అమర్చి, ఎంతో శోభగా నిలబెట్టారు. తలెత్తి చూశాను. వాటి మీద కప్పు లేదు. అన్నం సగంలోనే చాలనిపించింది.

ఆ రాత్రి అపార్టుమెంటు బొమ్మలు మళ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా శ్రీమతి పక్కన నిలబడి, "స్తంభాల మాట సరేనండీ, ఇంతకీ దీపం ఎక్కడ పెట్టుకోమంటారు?" అంది. నలభై ఏళ్లుగా సాయంత్రం ఆమె చేయి వెళ్లేది ఆ గూటికే. ఎంత ఆలోచించినా నాకు దొరకని జవాబు ఆమె ప్రశ్నలో ఉంది.

మర్నాడు ఆ అమ్మాయికి మా దినచర్య చెప్పాను. ఎక్కడ దీపం పెడతాము, ఎక్కడ కూరలు తరుగుతాము, ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతాము, నేను ఎక్కడ చదువుకుంటాను. ఆమె శ్రద్ధగా రాసుకుంది. ఆ పలుచని గోడలో గూడు తొలవడానికి వీల్లేదన్నారు. పడమటింటి తలుపు చెక్క ఒకటి మా దగ్గర మిగిలి ఉంటే, దానిని కోయించి వాకిలి పక్కన చిన్న బల్లగా బిగించారు. కింద చిరుగులు పడిన పాత భోషాణం ఉంది. అందులో ఇప్పుడు మనుమరాలి ఆటబొమ్మలున్నాయి.

మొన్న ఆ పిల్ల చమురు మరక పడిన ఆ బల్లను చూపించి, "తాతయ్యా, ఇది పాడైపోయిందా?" అని అడిగింది.

"లేదమ్మా, ఇప్పుడిప్పుడే మనదవుతోంది" అన్నాను.