టికెట్టు, సీటు, సంచి: చిత్తూరు జిల్లా బస్సుల్లో మన చరిత్ర

మన రాష్ట్రంలో రోడ్డు రవాణా చరిత్ర అనగానే ఒక లెక్క చెప్పేస్తారు. 1932 జూన్‌లో నిజాం రాజ్యంలో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలయింది; 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది; ఆ తర్వాత ఇన్ని డిపోలు, ఇన్ని కిలోమీటర్లు. లెక్క తప్పు కాదు. కానీ ఈ లెక్కలో మనుషులు లేరు. ఆ బస్సులో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడినారు, పైకి మూటలు ఎవరు ఎక్కించినారు, డబ్బు సంచి ఎవరి భుజాన ఉండింది? ఈ ప్రశ్నలు వేయకుండా రాసింది సంస్థ చరిత్ర అవుతుంది గానీ జనం చరిత్ర కాదు. పైగా తిరుపతి, చిత్తూరు నిజాం రాజ్యంలో లేవు. 1953 దాకా ఇవి మద్రాసులో భాగం. ఇక్కడ బస్సు మొదటినుంచీ ప్రైవేటు యజమానిది. అందువల్ల మన బస్సు కథను వేరేచోట మొదలుపెట్టాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్ననాటి ప్రయాణంతో మొదలుపెడదాం. 1901లో తండ్రి దగ్గరికి కోరేగావ్ పోవడానికి పిల్లలు మసూర్ స్టేషన్లో రైలు దిగినారు. రైలు వాళ్ళను తీసుకొచ్చింది. స్టేషన్ బయట మాత్రం, వీళ్ళు మహర్ పిల్లలని తెలిసినాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెండింతల బాడుగకు ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తాననే షరతు మీద. మన డబ్బు తీసుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు. మన పక్కన కూర్చోవడానికే అభ్యంతరం. బాడుగ ఇచ్చే స్తోమత ఉన్నంత మాత్రాన బండి ఎక్కే హక్కు రాదని ఆ ప్రయాణం చెబుతుంది.

చిత్తూరు ప్రాంతంలోనూ 1890ల నాటికే పాకాల, తిరుపతి, రేణిగుంటలకు రైలు వచ్చింది. అయితే రైలు ఊరికి దూరంగా, స్టేషన్లో ఆగుతుంది. ఊరి నడిమికి వచ్చింది బస్సు. ఊరి నడిమికి వచ్చింది కాబట్టే ఊరి కట్టుబాట్లు కూడా దాంట్లోకి ఎక్కినాయి.

బస్సు కొనాలంటే పెట్టుబడి కావాలి, రోడ్డు మీద తిప్పాలంటే పర్మిట్టు కావాలి. ఈ రెండూ భూమి, వ్యాపారం చేతిలో ఉన్న కులాలకే సాధ్యం. మద్రాసు రాష్ట్రంలో ఆదిద్రావిడులను ఎక్కించుకోని బస్సులు ఉండినాయి. రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడుగా ఉండిన డబ్ల్యూ.పి.ఏ. సౌందరపాండియన్, అట్లా నిరాకరించే బస్సుల లైసెన్సు రద్దు చేస్తామని హెచ్చరించాల్సి వచ్చింది. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో బహిరంగ దారులు, బావులు అందరివీ అనే తీర్మానం తెచ్చినాడు. 1938లో ఎం.సి. రాజా పట్టుదలతో వచ్చిన పౌర అసమర్థతల తొలగింపు చట్టం బావి, చెరువు, దారులతోపాటు ప్రయాణ సాధనాలను కూడా పేర్కొంది. చివరికి 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, బహిరంగ వాహనం ఎక్కనివ్వకపోవడాన్ని నేరం చేసింది.

ఈ చట్టాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. జరగని పనిని ఏ చట్టమూ నిషేధించదు. బస్సుల్లో అంటరానితనం ఉండేదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. యంత్రం వస్తే కులం పోతుందని, రైలూ బస్సూ కులాన్ని కలిపేసినాయని తేలిగ్గా రాసేవాళ్ళు ఈ తేదీలు చూడాలి. బస్సు దానంతటదే మనల్ని ఎక్కించుకోలేదు. శాసనసభలో కొట్లాడి ఎక్కాల్సి వచ్చింది.

ఎక్కడం ఒకటి, కూర్చోవడం ఒకటి. 1990లలో కూడా, మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, మా అవ్వ సీటు ఖాళీగా ఉన్నా బస్సులో కిందనే కూర్చునేది. ‘సీట్లో కూచో అవ్వా’ అంటే, ‘నాకు ఈడే బాగుంది నాయనా’ అనేది. ఆమెను కింద కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన కాలం ఆమె వయసులో ఉన్నప్పుడే అయిపోయింది. స్త్రీలకు కేటాయించిన సీట్ల మీద ‘స్త్రీలు’ అని రాసి ఉంటుంది. కులానికి సీటు మీద రాత ఉండదు. అది ఎక్కేవాళ్ళ మనసులో, పక్కకు జరిగేవాళ్ళ చూపులో ఉంటుంది. 1955 చట్టం వచ్చి నలభై ఏళ్ళయినా మా అవ్వ సీటు దాకా రాలేదు. ఆ సీట్లో మొదట కూర్చున్నది చదువుకోవడానికి పోయిన పిల్లలు, కోలారు బంగారు గనుల్లో కూలి చేసి, సొంత జీతంతో టికెట్టు కొనుక్కుని తిరిగొచ్చిన మగవాళ్ళు. పలమనేరు, కుప్పం వైపు పల్లెలకు ఆ గనులు దగ్గర. ఊర్లో ‘ఒరే’ అనిపించుకున్న మనిషి అక్కడ కార్మికుడు. ఆ మనిషి బస్సు దిగేటప్పటికి నిలబడే తీరే వేరుగా ఉండేది.

ఇక బస్సు మీద పనిచేసినవాళ్ళ సంగతి. ప్రైవేటు బస్సులో డ్రైవరు, కండక్టరు, క్లీనరు అని మూడు మెట్లు. క్లీనరు పొద్దున హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాలి, రేడియేటరులో నీళ్ళు పొయ్యాలి, గాట్లో బండి ఆగితే టైరు కింద రాయి పెట్టాలి. వెనక నిచ్చెన ఎక్కి చెనక్కాయ మూటలు, బెల్లం, పాల క్యాన్లు పైన సర్దాలి. రాత్రి బస్సులోనే పడుకోవాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చి బస్సులు బొగ్గుగ్యాసుతో నడిచినాయి. తెల్లారకముందే బొగ్గు రాజేసి, చేత్తో గాలి తిప్పి గ్యాసు పుట్టించడం, బూడిద ఎత్తడం అదనపు చాకిరీ. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనే పరిమితి 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంతో గాని రాలేదు.

వాడల్లోని పెద్దవాళ్ళను అడిగితే, ఈ మూడు మెట్లలో మనవాళ్ళకు దొరికింది ఎక్కువగా కింది మెట్టేనని చెబుతారు. మూట మోయడానికి కులం అడ్డం రాలేదు. సంచి దగ్గరే అడ్డం వచ్చింది. ఎందుకు? కండక్టరు ప్రతి చేతినుంచీ డబ్బు తీసుకోవాలి, ప్రతి చేతికీ చిల్లర ఇవ్వాలి. ‘జరుగు, ముందుకు పో’ అని చెప్పాలి. అంటే తాకాలి, ఆజ్ఞాపించాలి, లెక్క రాయాలి. ఊర్లో మనకు నిషేధించిన మూడు పనులూ ఆ ఒక్క ఉద్యోగంలో ఉన్నాయి.

ప్రభుత్వ బస్సు మనకు ముఖ్యమయింది ఇందుకే. జాతీయకరణ తేలిగ్గా జరగలేదు. కృష్ణా జిల్లా మార్గాలతో మొదలుపెడితే యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం చేసింది ఇంకొకరు అనే కారణంతో 1958 నవంబరులో ఆ పథకాన్ని కోర్టు కొట్టేసింది. 1959లో రెండోసారి గాని అది నిలబడలేదు. రాయలసీమ మార్గాలు ఆ తర్వాత దశల్లో సంస్థ చేతికి వచ్చినాయి. ఈ కథను యజమానులకూ ప్రభుత్వానికీ నడుమ తగాదాగానే రాస్తారు. మన వైపునుంచి చూస్తే, యజమాని ఇష్టం పోయి రోస్టరు వచ్చిన సందర్భం అది. పదో తరగతి పాసయి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్న వాడ పిల్లోడికి సంచి, పంచి, టికెట్ ట్రే, ఖాకీ బట్టలు వచ్చినాయి.

ఆ ఖాకీతో వచ్చిన మార్పు జీతం ఒక్కటే కాదు. ఊర్లో పేరు చివర ‘గాడు’ తగిలించి పిలిచే నోరే బస్సులో ‘కండక్టర్ సార్, ఒక చిత్తూరు’ అనాల్సి వచ్చింది. బస్సు దిగినాక మళ్ళీ పాత పిలుపే, నిజమే. కానీ రోజుకు ఎనిమిది గంటలు పిలుపు మారడం చిన్న విషయం కాదు. ఆ ఇండ్లనుంచే టీచర్లు, క్లర్కులు, 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి బస్సు పాసు మీద వచ్చిన విద్యార్థులు తయారైనారు.

తిరుమల కొండ దారి ఈ చరిత్రను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచినారు, రెండోది 1974లో. మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం 1947లో గాని రాలేదు. అంటే కొండమీదికి మోటారు పోయినాక మూడేళ్ళకు గాని గుడి వాకిలి మనకు చట్టప్రకారం తెరుచుకోలేదు. అలిపిరి పాదాల మండపంలో భక్తులు స్వామి చెప్పులు నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. ఆ చెప్పులు కుట్టేది మాదిగలనేది ఇక్కడి ఆనవాయితీ. చెప్పు నెత్తికెక్కింది, కుట్టినవాడు కిందనే నిలబడినాడు. తర్వాత కాలంలో ఆ మలుపుల్లో వేలమంది ప్రాణాలు చేతబట్టుకుని బస్సు తోలిన డ్రైవర్లలో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి ఏ స్థలపురాణంలోనూ ఒక వాక్యం లేదు.

బస్సు యాడ ఆగుతుందనేది కూడా కులం సంగతే. చిత్తూరు జిల్లాలో మన వాడలకు కాగితాల మీద ‘ఆదిఆంధ్రవాడ’ అని, పొట్టిగా ‘ఏ.ఏ.డబ్ల్యూ.’ అని రాస్తారు. బస్సు మాత్రం ఊర్లో రచ్చబండ కాడ ఆగుతుంది. వాడ కాడ ఒక రిక్వెస్ట్ స్టాప్ కావాలని అర్జీలు రాయడం, రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం చాలామందికి మొదటి రాజకీయ పాఠం.

ఇదంతా గడిచిపోయిన సంగతి అనుకుంటే పొరపాటు. 2020 జనవరి 1న ఆర్టీసీ కార్మికులు ప్రభుత్వ ఉద్యోగులైనారు. మంచిదే. ఇంకోవైపు అద్దె బస్సుల్లో డ్రైవరు యజమాని మనిషి. 2022లో తిరుమల దారిలో వచ్చిన విద్యుత్ బస్సులు కూడా ప్రైవేటు సంస్థవే, డ్రైవర్లు ఆ సంస్థ వాళ్ళే. కొన్ని సర్వీసుల్లో డ్రైవరే మిషనుతో టికెట్టు కొడతాడు, కండక్టరు ఉండడు. ఎక్కడ ఉద్యోగం ప్రభుత్వానిది కాదో అక్కడ రోస్టరు లేదు. 2025 ఆగస్టు 15నుంచి ఆడవాళ్ళకు పల్లె వెలుగులో టికెట్టు డబ్బు లేదు. మా అవ్వలాంటివాళ్ళకు అది నిజమైన మేలు. అయితే సీటు దొరుకుతున్న కాలంలోనే సంచీ, స్టీరింగూ చేజారుతున్నాయి. ఎక్కే హక్కు కోసం మాట్లాడినంతగా నడిపే హక్కు కోసం మనం మాట్లాడడం లేదు.

అందువల్ల ఈ చరిత్రను ఇప్పుడే పోగుచేయాలి. మొదటి తరం కండక్టర్లు, డ్రైవర్లు రిటైరై ఇండ్లల్లో ఉన్నారు. వాళ్ళ ట్రంకు పెట్టెల్లో నియామక ఉత్తర్వులు, బ్యాడ్జీలు, పాత పంచీలు ఉన్నాయి. చార్జిమెమోలూ ఉన్నాయి. టీచర్లు విద్యార్థులను వాళ్ళ దగ్గరికి పంపాలి. మొదటిరోజు సంచి వేసుకుని ఏ రూటులో పోయినావు తాతా, ఎవరు చిల్లర చేతికిచ్చినారు, ఎవరు సీటు మీద పెట్టినారు అని అడిగి రాసుకోవాలి. డిపో రికార్డుల్లో ఈ సంగతులు దొరకవు. వాళ్ళు ఉన్నప్పుడే రాసుకోవాలి.