శ్రీశ్రీ కలం మళ్ళీ కదిలిన చోటు

కలం ఆగితే ప్రతిభ ఎండిపోయిందని తీర్పు చెప్పడం మన విమర్శకు పాత అలవాటు. శ్రీశ్రీ చరిత్ర వేరే మాట చెబుతుంది.

‘మహాప్రస్థానం’ గీతాల్లో ఎక్కువభాగం 1930లలో రాసినవి, పుస్తకమైంది 1950లో. తర్వాత ఇరవయ్యేళ్ళూ ఆయన మౌనంగా ఏమీ లేడు. సినిమాపాటలు రాశాడు, 1966లో ‘ఖడ్గసృష్టి’ తెచ్చాడు. అయినా తొలినాటి వేగం లేదు. ఎట్లా ఉంటుంది? 1951లో తెలంగాణ సాయుధపోరాటం విరమించారు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు ఓడారు. ఎవరిని ఉద్దేశించి పాడాలో ఆ జనసమూహమే చెదిరిపోయింది. మద్రాసు సినిమారంగాన్ని నిందించడం సులువే. కూలి దొరికే చోటికి ఎవరైనా పోతారు; మా సిరిసిల్ల, తంగళ్ళపల్లి నేతగాళ్ళు భివండి పోలేదా?

1970లో విశాఖలో ఆయనకు షష్టిపూర్తి సన్మానం. శ్రీకాకుళం రగులుతున్న రోజులవి. మీరు ఎటువైపని రచయితలను నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. నా దృష్టిలో పూలదండలకన్నా అదే అసలు సన్మానం. ఆ జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడితే శ్రీశ్రీ అధ్యక్షుడయ్యాడు. 1980లో ‘మరో ప్రస్థానం’ వచ్చింది. నాదంలో అది మొదటిదానికి సాటిరాదు. కానీ తాను ఎవరితో మాట్లాడుతున్నదో దానికి తెలుసు.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు కదిలారు. కరీంనగర్ పల్లెల ఆ కదలికలోంచే అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల పుట్టింది.