ఆలయపు నేల – అడుగునున్న నీరు

భూపరీక్ష చేయనిదే ఆలయ నిర్మాణానికి ఉపక్రమించరాదన్నది మన వాస్తుశాస్త్ర సంప్రదాయం. క్రీస్తుశకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరాచార్యుడు తన బృహత్సంహితలో ఇందుకు చాలా సులువైన పద్ధతిని చెప్పాడు. ఎంచుకున్న స్థలంలో మూరెడు లోతు గొయ్యి తవ్వి, నిండా నీరు పోసి, నూరడుగులు నడిచి తిరిగి రావాలి. అప్పటికి నీరు తగ్గకుండా ఉంటే ఆ నేల ప్రశస్తమైనది. దీనిని శకునమని తోసిపుచ్చేవారున్నారు. కానీ నేల నీటిని ఎంత వేగంగా పీల్చుకుంటున్నదో తెలుసుకొనడానికి గడియారం లేని కాలంలో ఇంతకంటె మంచి కొలత ఏమున్నది?

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతానికి ఈ కొలత మరీ అవసరం. పడమట బంజారా, జూబిలీ కొండలు. తూర్పున ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో నిర్మించిన హుస్సేన్‌సాగరం. ఈ రెండింటి నడుమ వాలులో ఉన్నవి మన పేటలు. పైన మొరం, దాని కింద నల్లరాతి పొర. వాన నీరు మొరంలోకి ఇంకి, రాతిని తాకి, ఆ రాతి మీదుగానే సాగరం వైపు జారుతుంది. పక్కనే ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి భూమట్టానికి సుమారు 10 అడుగుల దిగువన, బావిలో కొలువై ఉన్నది. అక్కడి ఊటనీటిని భక్తులు తీర్థంగా స్వీకరిస్తారు. ఈ నేల అడుగున నీరు ఎంత చేరువలో ఉండేదో చెప్పడానికి వేరే శాసనం అక్కరలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్కరోజులో నమోదైన వర్షం 24 సెంటీమీటర్లు. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 80 సెంటీమీటర్లే!

పూర్వపు స్థపతులు ఈ చెమ్మను అణచివేయడానికి ప్రయత్నించలేదు; దానికి దారి చూపారు. కాకతీయుల కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన పాలంపేట రామప్ప దేవాలయానికి పునాదిలో ఇసుకను నింపారు. 2021లో యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు ఈ పునాది విశిష్టత కూడా ప్రస్తావనకు వచ్చింది. కట్టడపు భారాన్ని సర్దుకొనడానికే కాక, ముతక ఇసుక చెమ్మను పైకి ఎగబాకనీయదన్నది కూడా గమనింపదగినది. సన్నని మట్టి దీపపు వత్తివలె నీటిని పైకి లాగుతుంది; ఇసుక రేణువుల నడుమ ఖాళీలు పెద్దవి కనుక అంత ఎత్తుకు లాగలేదు. మన నగరంలోని పాత గుళ్ళలోనూ, ఇళ్ళలోనూ డంగుసున్నం మీద షాబాదు బండలు పరచేవారు. సున్నపు సందుల గుండా నేలలోని ఆవిరి మెల్లగా బయటకు పోయేది. ఉదయం కడిగిన నేల మధ్యాహ్నానికి ఆరేది.

జీర్ణోద్ధరణ పేరిట ఆ బండలను తొలగించి సిమెంటు కాంక్రీటు పోసి, నునుపైన గ్రానైటు పలకలు అతికించడంతోనే చిక్కు మొదలవుతుంది. గ్రానైటు ఆవిరిని వదలదు. దారి మూసుకుపోయిన చెమ్మ గోడలలోకి, స్తంభాల మొదళ్ళలోకి, ద్వారబంధాలలోకి మళ్ళుతుంది. గోడకు తెల్లని ఉప్పు పూస్తుంది, సున్నం పొరలు రాలుతాయి. దీనికితోడు ఏళ్ళ తరబడి రోడ్డు మీద రోడ్డు వేయడంతో పాత గుళ్ళలోకి మెట్లు దిగి వెళ్ళవలసి వస్తున్నది. అటువంటి చోట వీధి నీరు కూడా గోడకే చేరుతుంది.

కాంక్రీటు తానే కొంత నీటిని వెంట తెస్తుంది. 50 కిలోల సిమెంటు బస్తా గట్టిపడటానికి నిజంగా కావలసిన నీరు సుమారు 12 లీటర్లు. కలపడానికి వీలుగా ఉండాలని పోసేది 25 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. ఆ మిగులు నీరు ఆవిరిగా బయటకు పోవాలి. అంగుళం మందానికి నెల రోజులన్నది పనివారి స్థూల లెక్క. 4 అంగుళాల నేలకు 4 నెలలు, వర్షాకాలమైతే ఇంకా ఎక్కువ. కుంభాభిషేక ముహూర్తమేమో ముందే నిశ్చయమై ఉంటుంది! దాతలు పలకల మీద చూపే ఔదార్యాన్ని పలకల అడుగున పరచే ఇసుక మీద, తేమను ఆపే పొర మీద కూడా చూపిన చోట ఈ తొందర కొంత తగ్గుతుంది.

నేల ఆరినదో లేదో కంటితో చెప్పలేము. 18 అంగుళాల చదరపు పాలిథిన్ కాగితాన్ని నేలపై పరచి, నాలుగంచులకూ గాలి చొరకుండా పట్టీ అంటించి 16 గంటలు ఉంచాలి. కాగితం అడుగున నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ కిందినుంచి వస్తున్నది. పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ. దానికి గవాక్షాలు తెరిస్తే చాలును. ఈ భేదం తెలియక నేలను తవ్వించినవారున్నారు. ఇంకా కచ్చితంగా కావాలంటే, ఒకవైపు నుంచే ఆరే కాంక్రీటు మందంలో 40 శాతం లోతున రంధ్రం చేసి, అందులోని తేమను పరికరంతో కొలుస్తారు.

కొయ్య సంగతి వేరు. చెక్క ముక్కను తూచి, 103 డిగ్రీల వేడిలో పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తూస్తే దాని తేమ తెలుస్తుంది. 120 గ్రాములది 100కు దిగితే తేమ 20 శాతం. తేమ ఈ హద్దుకు లోపల ఉన్నంతకాలం బూజు పట్టదు, కుళ్ళదు. చిత్రమేమంటే, పూర్తిగా నీట మునిగిన కొయ్య కూడా చెడదు. కుళ్ళు కలిగించే శిలీంధ్రానికి గాలి అందదు కదా. కంచిలో 40 సంవత్సరాలు పుష్కరిణి గర్భంలో ఉండి 2019లో దర్శనమిచ్చిన అత్తివరదరాజస్వామి మూర్తి మేడి కొయ్యదే. కొయ్యకు కీడంతా తడియడం, ఆరడం, మళ్ళీ తడియడంలో ఉన్నది. రోజూ కడిగే గడప దగ్గర జరిగేది సరిగ్గా అదే. అందుకే పూర్వులు గర్భాలయానికి రాతి గడప, రాతి ద్వారబంధం పెట్టి, కొయ్యను తలుపులకే పరిమితం చేశారు. టేకు ద్వారబంధం తప్పనిసరి అయితే దాని కాళ్ళను కాంక్రీటులో పాతక, నేలకు అర అంగుళం ఎత్తున రాతిపై నిలపడం క్షేమం.

అభిషేక జలం సంగతి ఆగమాలు ఎన్నడో చూసుకున్నాయి. గర్భాలయపు నీరు ప్రణాళం గుండా ఉత్తర దిశగా బయటకు పోతుంది. మూర్తికీ పీఠానికీ నడుమ సందులోకి నీరు దిగకుండా లక్క, గుగ్గిలం, మైనం, వెన్న మొదలైన ద్రవ్యాలతో దంచిన అష్టబంధనాన్ని కూరుస్తారు. అది ఎండి బీటలు వారేలోగా, 12 సంవత్సరాలకొకసారి దానిని మార్చడం ఆచారం. బాలాలయంలో స్వామి ఉన్న ఆ రోజులలోనే ప్రణాళపు వాలును, పలకల సందులను, గడపల మొదళ్ళను పరీక్షించి, కొలతలను దేవస్థానపు పుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచితే, రాబోయే కుంభాభిషేకం నాటి స్థపతికి అవి అక్కరకు వస్తాయి.