నీడ ఉన్న వీధులు, నీడ పోయిన వీధి

బెంగళూరు పేటను 1537లో కెంపేగౌడ కట్టించాడు. బియ్యానికి అక్కిపేట, రాగులకు రాగిపేట, గాజులకు బళేపేట అని ఒక్కో వ్యాపారానికి ఒక్కో వీధి. ఆ వీధులు ఇప్పటికీ ఇరుకే. మా తాత బళేపేటలో గుమాస్తాగా చేసేవాడు. అక్కడ చెట్టు లేకపోయినా ఎండ తెలిసేది కాదంటాడు. ఎదురెదురు ఇళ్ల నీడ వీధంతా పరుచుకునేది, నడిమధ్యాహ్నం తప్ప. కానీ గాలి ఆడదు.

1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్ల వల్లే రోగం పెరుగుతోందని అధికారులు అనుకున్నారు. (నిజానికి అది ఎలుకల ఒంటిమీది చిన్న పురుగుల వల్ల వస్తుంది.) అందుకని పాత ఊరి బయట ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి కట్టారు. వీధులు తిన్నగా, వెడల్పుగా వేశారు.

వెడల్పు వీధిలో గాలి ఆడుతుంది, నిజమే. కానీ ఇళ్ల నీడ రోడ్డు మధ్యకు అందదు. ఆ లోటు తీర్చింది చెట్లే. మల్లేశ్వరంలో పెద్ద రోడ్ల పేర్లే చూడండి: ఒకటి సంపిగె రోడ్డు, ఇంకొకటి మార్గోసా రోడ్డు. మార్గోసా అంటే మన వేపచెట్టే! 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మనీ దేశస్థుడు క్రుంబిగల్ ఏ నెలలో చూసినా ఊళ్లో ఏదో ఒక చెట్టు పూసి ఉండాలని ఆలోచించి రకరకాల చెట్లు పెట్టించాడు.

చెట్టు రెండు పనులు చేస్తుంది. ఎండ తారు మీద పడకుండా ఆపుతుంది, ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదిలి గాలిని చల్లబరుస్తుంది. బెంగళూరు వీధుల్లోనే కొలిచి 2013లో ఒక పరిశోధన అచ్చు వేశారు. మధ్యాహ్నం చెట్లున్న చోట గాలి 5.6 డిగ్రీల దాకా, రోడ్డు పైభాగం 27.5 డిగ్రీల దాకా చల్లగా ఉందట. ఆ రెండో అంకె తప్పేమో అనుకుని మళ్లీ చదివాను.

మా అవ్వ ఇరవై ఏళ్లు మా వీధి మలుపులో నిద్రగన్నేరు చెట్టు కింద పూలు అమ్మింది. రోడ్డు వెడల్పు చేయాలని రెండేళ్ల కిందట ఆ చెట్టు కొట్టేశారు. పేటలో ఇళ్ల నీడైనా ఉంది, మల్లేశ్వరంలో చెట్ల నీడ ఉంది. మా వీధికి వెడల్పు మాత్రమే మిగిలింది. ముందు సాయంత్రం దాకా కూర్చునే అవ్వ ఇప్పుడు పదకొండుకే పూల మీద తడిగుడ్డ కప్పుకుని ఇంటికి వచ్చేస్తోంది. సగం పూలు అమ్ముడుపోవు.

అక్కడ ఒక మొక్క నాటి ఇనుప కంచె పెట్టారు. నా మోకాలి ఎత్తుంది. బకెట్లో మిగిలిన నీళ్లు అవ్వ దానికే పోసి వస్తుంది.