శామ్యూల్ కాట్జ్

శామ్యూల్ లారెన్స్ కాట్జ్ (1927–2022) అమెరికాకు చెందిన పిల్లల వైద్యులు, అంటువ్యాధుల నిపుణులు. జాన్ ఎండర్స్‌తో కలిసి తట్టు టీకాను రూపొందించారు. న్యూ హాంప్‌షైర్‌ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో పుట్టి, డార్ట్‌మత్‌లోనూ హార్వర్డ్‌లోనూ చదువుకున్నారు.

1955లో బోస్టన్‌లో పోలియో విజృంభించినప్పుడు కాట్జ్ అక్కడ యువ వైద్యుడిగా శిక్షణలో ఉన్నారు. ఆ అనుభవమే ఆయనను మరుసటి ఏడాది ఎండర్స్ ప్రయోగశాలకు నడిపించింది. పోలియో వైరస్‌ను కణాల్లో పెంచినందుకు ఎండర్స్ 1954లో నోబెల్ పంచుకున్నారు. అదే ఏడాది ఆ బృందంలోని థామస్ పీబుల్స్, డేవిడ్ ఎడ్‌మన్‌స్టన్ అనే బడిపిల్లాడి నుంచి తట్టు వైరస్‌ను వేరుచేశారు. దాన్ని మనిషి మూత్రపిండ కణాల్లో, ఉమ్మనీటి పొర కణాల్లో, ఆపైన కోడిపిండాల్లో పదేపదే పెంచగా జబ్బు చేసే బలం తగ్గింది. కోతులకు ఎక్కిస్తే తట్టు రాలేదు, ప్రతిరక్షకాలు మాత్రం తయారయ్యాయి.

1958లో పిల్లలపై తొలి పరీక్షకు మసాచుసెట్స్‌లోని ఫెర్నాల్డ్ స్కూలును ఎంచుకున్నారు. మేధోవైకల్యం ఉన్న పిల్లలు ఇరుకు వసతుల్లో బతికే ఆ సంస్థలో తట్టు తరచూ ప్రబలేది. టీకా వేసిన పిల్లల్లో రోగనిరోధక శక్తి వచ్చింది, కొందరికి జ్వరం, దద్దుర్లు కనిపించాయి. శాస్త్రపరంగా ఇది విజయమే. కానీ తమ మాట తాము చెప్పుకోలేని పిల్లలను ముందు వరుసలో నిలబెట్టిన ఆ పద్ధతిని నేటి నైతిక సంఘాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు. అదే స్కూల్లో అంతకుముందు కొందరు పిల్లలకు రేడియోధార్మిక పదార్థం కలిపిన ఓట్స్ తినిపించిన సంగతి కూడా తర్వాత బయటపడింది. దానికీ కాట్జ్ బృందానికీ సంబంధం లేదు.

కాట్జ్ పరిశోధనలో అసలు మలుపు నైజీరియా అనాలి. అమెరికాలో ఏటా లక్షలాది పిల్లలకు తట్టు సోకినా, చనిపోయేవారు 500 వరకే. అందుకే చాలామంది దాన్ని బాల్యంలో వచ్చిపోయే జబ్బుగానే చూసేవారు. పశ్చిమాఫ్రికాలో పోషకాహారం లేని పిల్లలకు అదే ప్రాణాంతకం. ఇలేషా పట్టణంలో పనిచేస్తున్న బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ మోర్లీ కోరిక మీద కాట్జ్ టీకా తీసుకుని అక్కడికి వెళ్లారు. బలహీనులైన ఆ పిల్లలు కూడా టీకాను తట్టుకున్నారు.

1963లో ఈ టీకాకు అమెరికా లైసెన్సు ఇచ్చింది. తొలి టీకాతో జ్వరం ఎక్కువగా వచ్చేది కాబట్టి వెంట గామాగ్లోబులిన్ (ప్రతిరక్షకాలున్న రక్త ప్రోటీన్) కూడా ఇచ్చేవారు. 1968లో టీకా శాస్త్రవేత్త మారిస్ హిల్లెమన్ మరింత బలహీనపరచిన రకాన్ని తెచ్చాక ఆ అవసరం పోయింది. మన దేశంలో 9 నెలలు నిండిన పిల్లలకు వేసే సీరం ఇన్‌స్టిట్యూట్ టీకాలోని ఎడ్‌మన్‌స్టన్-జాగ్రెబ్ రకం కూడా ఆ బడిపిల్లాడి నుంచి వేరుచేసిన వైరస్ సంతతే.

1968 నుంచి 1990 వరకు కాట్జ్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యశాఖ అధిపతిగా ఉన్నారు. టీకాలపై అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే సంఘానికి 1985 నుంచి 1993 వరకు అధ్యక్షత వహించారు. 2003లో సేబిన్ స్వర్ణ పతకం అందుకున్నారు. ఆయన భార్య క్యాథరిన్ విల్ఫర్ట్ కూడా అదే రంగంలో నిపుణురాలు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే కృషిలో ఆమెది ముందువరుస. 1994లో వెలువడిన ఒక పరీక్షలో, జిడోవుడిన్ మందు ఆ ముప్పును 25.5 శాతం నుంచి 8.3 శాతానికి దించింది.