మోకాలు బిగిసిన చోట

లాగాడు. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు. మోకాలు మరింత లోపలికి దిగబడింది. కింద తాడు పట్టుకుని మో ఆంథోయిన్ తలెత్తి చూస్తున్నాడు. పైన మార్టిన్ బాయ్‌సెన్ ఇక కదలడం లేదు.

1975. కారకోరం పర్వతాలు. బల్తోరో హిమానీనదం దాపున నిటారుగా లేచిన గ్రానైట్ స్తంభం, ట్రాంగో టవర్. ఎత్తు 6,239 మీటర్లు. అప్పటికి దాని కొన మీద మనిషి కాలు పడలేదు. ఒకడు తాడు పొడవున ఎక్కి, రాతిలో మేకులు దిగ్గొట్టి నిలబడి, వెనకవాణ్ణి రప్పించుకుని, మళ్ళీ బయల్దేరే ఒక్కో అంచెనీ పిచ్ అంటారు. అలాంటి పిచ్‌లు ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ బ్రిటన్ జట్టు ఈ పగులు దాకా వచ్చింది. పిడికిలికి వదులు. ఒంటికి ఇరుకు. ఆరితేరినవాళ్ళకీ ఇలాంటి పగులంటే దడే. పట్టు కోసం బాయ్‌సెన్ మోకాలు దూర్చాడు. రాయి దాన్ని పట్టేసింది.

పక్కకి తిప్పాడు. పైకి ఎగదోశాడు. గింజుకునేకొద్దీ బలం పోతోంది. గంట గడిచింది. ఇంకో గంట. అంత ఎత్తులో, ఆ చలిలో, రాత్రంతా రాతికి వేలాడితే తెల్లారేసరికి మనిషి మిగలడు.

అప్పుడు తట్టింది. రాతికీ మోకాలికీ మధ్య పాంటు గుడ్డ ఉంది. అది పోతే కాస్తయినా జాగా దొరుకుతుంది. దేంతో కొయ్యాలి?

దగ్గరున్న మేకుల్లో పల్చటిది తీశాడు. సుత్తితో అంచుని కొట్టాడు. కొట్టి కొట్టి గరుకు చేశాడు. అది చెయ్యి జారితే ఆశ కూడా జారినట్టే. కోత మొదలైంది. కళ్ళకి ఆనని చోట, ఏది గుడ్డో ఏది చర్మమో తేడా తెలియక, కోసిన చోటే మళ్ళీ కోస్తూ, నెత్తురు కారుతున్నా ఆపకుండా, పోగు తర్వాత పోగు తెంపుకుంటూ పోయాడు. మళ్ళీ లాగాడు.

ఊడొచ్చింది! ఇరుక్కుని అప్పటికి దాదాపు మూడు గంటలు.

ఆ ఏడాది శిఖరం దక్కలేదు. 1976లో తిరిగొచ్చారు. బాయ్‌సెన్, ఆంథోయిన్, జో బ్రౌన్, మాల్కం హోవెల్స్. వాళ్ళ దారి ఆ పగులు మీదుగానే. దాటారు. నలుగురూ కొన చేరారు. కొండలెక్కేవాళ్ళు ఆ పగులుని నేటికీ ‘ఫిషర్ బాయ్‌సెన్’, అంటే బాయ్‌సెన్ పగులు, అనే పిలుస్తారు.