కర్నూలు, కడప ప్రాంతాల్లో క్రిస్మస్ వంటలు

కర్నూలు, కడప ప్రాంతాల తెలుగు క్రైస్తవులు క్రిస్మస్‌కు చేసుకునే వంటలు చాలావరకు రాయలసీమ పండగ వంటలే. డిసెంబరు నాటికి ఖరీఫ్ చెనిక్కాయలు ఇల్లు చేరి ఉంటాయి, కొత్త బెల్లం అంగళ్లకు వస్తుంది. పండగ తీపి దాదాపు అంతా చెనిక్కాయలు, బెల్లం, నువ్వులు, బియ్యప్పిండితోనే తయారవుతుంది. మూడు వారాల తర్వాత సంక్రాంతికి ఇరుగుపొరుగు ఇళ్లలో చేసే పిండివంటలూ ఇవే.

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 19వ శతాబ్దం ముగిసేలోపు నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. మెట్టపొలాల్లో కూలి చేసుకునే ఆ ఇళ్లలో రోజూ తినేది జొన్న, కొర్ర, రాగి. వరన్నం పండగనాడు మాత్రమే దొరికేది. పాత తరంవారు క్రిస్మస్ భోజనంలో మాంసం కూరతో సమానంగా తెల్లన్నాన్ని గుర్తు చేసుకోవడానికి కారణం ఇదే.

పిండివంటల పని పండగకు వారం ముందే మొదలవుతుంది. వీటిలో మొదట చెప్పుకోవలసింది కర్జికాయ. వేయించి పొట్టు తీసిన చెనిగింజల పొడిలో బెల్లం తురుము, ఎండుకొబ్బరి, నువ్వులు, యాలకులు కలిపి, పలచగా ఒత్తిన పూరీలో పెట్టి, అంచులు మడిచి, చెనిక్కాయ నూనెలో వేయిస్తారు. పాకం పెట్టే పని లేదు కాబట్టి చెడిపోతుందన్న బెంగ తక్కువ, రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. అరిసెలకు మాత్రం తడి బియ్యప్పిండి, పాకం రెండూ కుదరాలి. ఆ పాకం చూడడానికి వీధిలో చేయి తిరిగిన పెద్దావిడను పిలుచుకోవడం వాడుక. కారానికి నిప్పట్లు, మురుకులు చేస్తారు. ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో వదిలే గులాబీ పువ్వులు కూడా చాలా ఇళ్లలో కనిపిస్తాయి.

క్రిస్మస్ ముందు రాత్రుల్లో పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే బృందాలకు టీ, మురుకులు ఇస్తారు. పండగ ఉదయం ఆరాధన ముగిశాక అలసంద వడలు, నాటుకోడి పులుసు తింటారు. కొన్ని ఇళ్లలో వడల బదులు దోసెలు ఉంటాయి. మధ్యాహ్నం పొట్టేలు కూర, పలావు లేదా బిర్యానీ, చివర సేమియా పాయసం. పల్లెల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక పొట్టేలును కొని, మాంసాన్ని పోగులు వేసి పంచుకుంటాయి. ఒంటరిగా కొనలేని ఇంటికీ ఆ రోజు కూర దక్కేది ఈ పద్ధతి వల్లనే. సంఘమంతా ఒకేచోట కూర్చుని తినే భోజనాన్ని ప్రేమవిందు అంటారు. బియ్యం, పప్పు, డబ్బు ఎవరికి తోచింది వారు ఇస్తారు, గుడి ఆవరణలోనే పెద్ద గుండిగల్లో వండుతారు.

ఈ పండగ వంటల్లో కొన్నిటికి మెక్సికో క్రిస్మస్ వంటలతో పోలిక ఉంది. అక్కడ క్రిస్మస్‌కు వేయించే బున్యూలోలలో ఒక రకాన్ని మన గులాబీ పువ్వుల్లాగే పువ్వు అచ్చుతో చేస్తారు. బెల్లం లాంటి ముడి చక్కెర పాకాన్ని కూడా బున్యూలోల మీద పోస్తారు. పోంచే అనే వేడి పండ్ల పానీయంలో చింతపండు, ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలు వేయడం ఉంది. సీమ కూరలకు ఘాటునిచ్చే మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. చెనిక్కాయ దక్షిణ అమెరికాది. ఈ రెండూ పోర్చుగీసువారు వచ్చాకే భారతదేశానికి చేరాయి.

కేకు ఈ ప్రాంతానికి మిషనరీ బంగళాలు, ఆ తర్వాత పట్టణ బేకరీల ద్వారా వచ్చింది. ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ దాన్ని కోసి పంచుతారు. అయినా హిందూ, ముస్లిం ఇళ్లకు పంపే పళ్లెంలో ఎక్కువగా ఉండేవి కర్జికాయలు, అరిసెలు, మురుకులే. ఉగాదికి, రంజాన్‌కు ఆ ఇళ్ల నుంచి భక్ష్యాలు, సేమియా తిరిగి వస్తాయి. మిగిలిన పిండివంటలు డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వచ్చేవారికి టీతో పాటు పెడతారు.